మే 22కి ముందు మేనల్లుడికో మాట

రాజమండ్రి,
2026 ఉగాది వెళ్లిన మూడో రోజు.

ఒరేయ్ కార్తీ,

ఇక్కడ అందరం కులాసా. మీ అత్తయ్య మోకాళ్లు అలాగే ఉన్నాయి, అయినా సాయంత్రం గోదావరి గట్టు మీద నడక మానదు. నువ్వు మొన్న పంపిన వాయిస్ మెసేజ్ పదకొండు నిమిషాలుంది. ఇల్లు కొన్నప్పుడు కూడా నాతో అంతసేపు మాట్లాడలేదు నువ్వు. ఆరున్నరేళ్ల తర్వాత స్టార్ వార్స్ మళ్లీ థియేటర్లోకి, మే 22న 'ద మాండలోరియన్ అండ్ గ్రోగూ'గా, వస్తోందన్న సంబరం రెండు నిమిషాలు, మళ్లీ ఎక్కడ చెడగొడతారోనన్న బెంగ తొమ్మిది నిమిషాలు. ఆఖర్న, మీ అమ్మాయి చిన్నిని తీసుకెళ్లాలా, ముందు నేనొక్కడినే చూసి రావాలా అని అడిగావు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావు, అందుకే రాస్తున్నాను.

తీసుకెళ్లు. ముందు నువ్వు చూసి రావద్దు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అందులో నేను నీకు చేసిన అన్యాయం ఒకటుంది.

స్టార్ వార్స్ నేను మొదట చూసింది థియేటర్లో కాదు. కాకినాడలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, 1985లో, ఓ వీడియో పార్లర్లో. రెండు రూపాయలిచ్చి చాప మీద కూర్చోవడం. కాపీకి కాపీ తీసిన క్యాసెట్టు కాబట్టి బొమ్మ మీద ఎప్పుడూ వాన కురుస్తూనే ఉండేది. పార్లరాయనకి ఏది ముందో ఏది వెనకో తెలియదు, 1980లో వచ్చిన రెండో భాగం ముందు వేసేశాడు. దాంతో ఆ నల్ల ముసుగువాడే కుర్రాడి తండ్రి అన్న రహస్యం, కుర్రాడెవరో సరిగ్గా తెలియకముందే నాకు తెలిసిపోయింది. అయినా ఒళ్లు జలదరించింది. అర్జునుడి మీదికి బభ్రువాహనుడు విల్లెత్తిన కథ వింటూ పెరిగినవాళ్లం, తండ్రీ కొడుకూ ఎదురుపడితే ఏమవుతుందో మనకొకరు చెప్పాలా! నాలుగు రోజులాగి 1977 నాటి మొదటిదీ, ఆపై వారం 1983 నాటి మూడోదీ చూశాను. కథ కంచికి, మనం హాస్టలుకి. లోకమంతా అంతే అనుకుంది, పదహారేళ్ల పాటు.

1998లో వైటూకే పని మీద, అదే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తడబడకుండా సరిచేసే పని మీద, న్యూజెర్సీ వచ్చాను. ఎడిసన్‌లో మీ ఇంట్లోనే మకాం. ఆ నవంబరులో కొత్త స్టార్ వార్స్ ట్రైలర్ వేశారు. అది చూడ్డానికని జనం వేరే సినిమాకి టిక్కెట్టు కొని, ట్రైలరవగానే లేచి వచ్చేసేవాళ్లు. నేనూ ఆ పని చేశాను, మీ అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. మరుసటేడు మే 4న సంగీతం సీడీ వస్తే ఆ రోజే కొన్నాను. వెనక అట్ట చదువుతుంటే, క్వైగాన్ అంత్యక్రియలు అని ఒక బాణీకి పేరు పెట్టి ఉంది! సినిమా రావడానికింకా పదిహేను రోజులుంది. ఆ సినిమాలో జెడై యోధుల గురువైన ఆ క్వైగాన్ మీ వంటింట్లో, నేను కాఫీ కలుపుకుంటుండగా పోయారు.

మే 19, బుధవారం. నీకు ఏడేళ్లు. మీ అమ్మని బతిమాలి నీకు బడి ఎగ్గొట్టించి తీసుకెళ్లాను. తెర మీద నాకు కనిపించినవి వర్తక మార్గాల మీద పన్నుల తగాదా, సెనేట్‌లో ఉపన్యాసాలు, ఇన్నేళ్లూ మంత్రంలా దాచుకున్న ఫోర్స్ అనే అతీత శక్తికి ఓ రక్తపరీక్ష. నీకు కనిపించినవి పాడ్ రేసు, రెండు వైపులా వెలిగే ఎర్ర లైట్‌సేబర్ అనే వెలుగు కత్తి, అడుగడుక్కీ కాలుజారి పడే జార్‌జార్. నవ్వి నవ్వి పాప్‌కార్న్ అంతా ఒలకబోశావు. బయటికొచ్చాక జార్‌జార్ బొమ్మ కావాలంటే కొనిపెట్టాను.

కారెక్కాక మొదలుపెట్టాను. ఇంటికి ఇరవై నిమిషాల దారి. జార్‌జార్ ఎందుకు వెధవ పాత్రో, అనాకిన్, అంటే ఆ నల్ల ముసుగువాడి చిన్నతనం, వేసిన కుర్రాడు ఎందుకు అతకలేదో, పాతవాటి ముందు ఇది ఎందుకు దిగదుడుపో, పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాను. వినేవాడికి ఏడేళ్లన్న ఇంగితం లేకపోయింది. నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నావు. ఇల్లు రాగానే బొమ్మని సీట్లోనే వదిలేసి దిగిపోయావు. మర్చిపోయావనుకున్నాను. మర్నాడు తెచ్చిస్తే, "నాకొద్దు మామయ్యా, అది వెధవ పాత్ర" అన్నావు.

నీకది గుర్తుండి ఉండదు. 2017 డిసెంబరులో అప్పటి కొత్త స్టార్ వార్స్ చూసి అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి, పాత మూడింటి హీరో లూక్ అంతటివాడు లైట్‌సేబర్‌ని భుజం మీంచి వెనక్కి విసిరేశాడని నువ్వు అరుస్తుంటే, ఆ గొంతు నాకు బాగా తెలిసినట్టనిపించింది. ఎడిసన్ కారులో ఇరవై నిమిషాలు వినిపించిన గొంతే.

నీ బెంగలో సగం న్యాయమైనదే, కాదనను. 2012లో డిస్నీ 400 కోట్ల డాలర్ల పైన పోసి, స్టార్ వార్స్ తీసే లూకాస్‌ఫిల్మ్ కంపెనీని కొంది. అంత డబ్బు పెట్టినవాళ్లు, మూడు సినిమాల కథ మొదలూ చివరా ముందే రాసుకుని కూర్చోవద్దూ? మొదటిది అబ్రామ్స్ తీశాడు. అతను వేసిపెట్టిన చిక్కుముళ్లని రెండోదాంట్లో రియాన్ జాన్సన్ తెంపి అవతల పారేశాడు. మూడోదానికి అనుకున్న ట్రెవరో తప్పుకుంటే మళ్లీ అబ్రామ్సే వచ్చి, 1983 నాటి సినిమాలో చచ్చిన చక్రవర్తిని లేపి కూర్చోబెట్టాడు. పులిహోరకి ఒకరు చింతపండు పిసికిపెట్టి వెళితే, ఇంకొకరొచ్చి అందులో పాలు పోసినట్టుంది. జాన్సన్ సినిమా విడిగా చూస్తే నాకు నచ్చింది, ఆ మాట నీతో అనడానికి ఎనిమిదేళ్లు పట్టింది. పాత సినిమాల హాన్, లియా, లూక్, ముగ్గురినీ కలిపి ఒక్క సన్నివేశంలో కూడా నిలబెట్టలేదు చూడు, దానికి మాత్రం నేనూ క్షమించను. 2016 డిసెంబరులో లియా వేసిన క్యారీ ఫిషర్ పోయింది. ఇక ఎవరనుకున్నా కుదరదు.

ఈసారి అనుమానం వేరే. ఇంట్లో కూర్చుని 'మాండలోరియన్' టీవీ సీరియల్‌గా మూడు సీజన్లు, ఇరవై నాలుగు ఎపిసోడ్లు చూసిన కథని తెర మీదకు తెస్తున్నారు. ఆ సీరియల్ పుట్టించిన ఫావ్రోనే తీస్తున్నాడు కాబట్టి పసివాడు గ్రోగూ నడక, వాణ్ణి కాపాడే కిరాయి యోధుడు మాండో మొండితనం మారవు. అయితే టీవీకి సరిపడా కథని సాగదీస్తారేమోనని నాకూ ఉంది. కానీ కథ చిన్నదైతే నాకు ఆశే ఎక్కువ. ప్రతిసారీ గెలాక్సీ మొత్తాన్నీ కాపాడి కాపాడి వాళ్లకీ విసుగు, మనకీ విసుగు. 'ఆండోర్' అనే మరో స్టార్ వార్స్ సీరియల్ చూడు. 2022లో మొదలై 2025లో ముగిసింది. అందులో ఒక్క లైట్‌సేబర్ వెలగదు. తిరుగుబాటుకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, దొంగలెక్కలు ఎవరు రాస్తారు, పట్టుబడితే ఎవరు ఎవరిని అమ్ముకుంటారు, అంతా అదే. లూక్, లియా, హాన్ ఎవరూ లేకుండానే పాత లోకాన్ని లేపి నిలబెట్టారు. మొదటి మూడు ఎపిసోడ్లకి నిద్రొచ్చిందని వదిలేశావట, మళ్లీ మొదలుపెట్టు.

మిగతా సగం బెంగ సంగతి వేరు. 1999లో నేను స్టార్ వార్స్ సృష్టికర్త లూకాస్‌ని అడిగినవి కాకినాడ చాప, వాన కురిసే బొమ్మ, నా పంతొమ్మిదేళ్ల వయసు. ఆయన ఎక్కడినుంచి తెచ్చిస్తాడు? మీ తాతయ్య, అదే మా నాన్న, ఈలపాట రఘురామయ్య గారి తర్వాత స్టేజీ మీద కృష్ణుడే లేడనేవారు. అలా అంటూనే, శ్రీరామనవమి పందిట్లో ఏ కుర్రాడు కిరీటం పెట్టుకున్నా తెల్లారేదాకా కూర్చుని పద్యం పద్యానికీ వంక పెట్టేవారు. పక్కన కూర్చుని తల ఊపుతున్న నన్ను మాత్రం ఒక్కసారి కూడా ఆపలేదు. ఆ ఒక్క గుణం ఆయన్నుంచి నాకు రాలేదు.

ఇక పనిలోకొద్దాం. ట్రైలర్లు చూసినవి చాలు. లీకులంటూ మీ ఆఫీసు కుర్రాళ్లు పంపేవి తెరవకు, క్వైగాన్‌ని తలుచుకో. సినిమాకి ముందు వారం పాతవన్నీ మళ్లీ వేసుకుని కూర్చోవద్దు. పోలికలు సిద్ధం చేసుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. చిన్ని తనంతట తాను పాతవి అడిగితే 1977, 1980, 1983, అదే వరసలో చూపించు, 1999 నాటిది ఆ తర్వాతే. ముసుగువాడెవరో ముందే చెప్పేవు సుమా! పార్లరాయన నాకు చేసిన ద్రోహం ఆ పిల్లకి జరగకూడదు. ఆ నిమిషంలో మాత్రం నువ్వు తెర చూడకు, దాని మొహం చూడు.

హాల్లో మోచేత్తో పొడిచి, ఇతనెవరో తెలుసా, ఆ ఓడ ఎక్కడిదో తెలుసా అనకు. అడిగితే చెప్పు. అయ్యాక కారెక్కు. నోరు విప్పకు. ఇదే అసలు కష్టం, నీకు మరీ కష్టం, మా వంశం కదా. "బాగుందా?" అని కూడా అడగొద్దు. అలా అడిగితే పిల్లలు ముందు మన మొహం చూసి, తర్వాత జవాబు చెబుతారు. గ్రోగూ ఏం తిన్నాడే అని అడుగు, అక్కడినుంచి అదే చెప్పుకుపోతుంది. దానికి నచ్చకపోతే? అదీ జరగొచ్చు. అప్పుడు నువ్వు లాయరులా వాదించకు, వాళ్లకి నచ్చకపోయే హక్కు కూడా ఉంది.

నీకు కోపమొస్తే, వస్తుంది, అది నిద్రపోయాక నాకు ఫోన్ చెయ్యి. నాకప్పటికి తెల్లారి కాఫీ టైమవుతుంది, పదకొండు నిమిషాలు కాదు గంట వింటాను. నటీనటుల పేజీల కింద మాత్రం ఒక్క మాట రాయకు. 2018లో, జాన్సన్ సినిమాలో నటించిన కెల్లీ మేరీ ట్రాన్ ఇన్‌స్టాగ్రామ్‌లో తన ఫోటోలన్నీ తీసేసుకుందంటే అలాంటి మాటల వల్లే. అదే ఏడు జార్‌జార్ వేసిన అహ్మద్ బెస్ట్ కూడా చెప్పాడు, అప్పట్లో జనం తిట్టిన తిట్లకి తాను చచ్చిపోదామనుకునేదాకా వెళ్లానని. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. నేనతనికి ఉత్తరం ముక్క రాయలేదు, నిజమే. కానీ అలా తిట్టినవాళ్లలో ఒకణ్ణి ఎడిసన్‌లో నేనే తయారుచేశాను కదా.

ఇంకో సంగతి, ఇది నీకు తట్టిందో లేదో. 2023లో 'మాండలోరియన్' మూడో సీజన్లో, జెడైల ఆలయంలో ఊచకోత జరుగుతుంటే గ్రోగూని తప్పించి తీసుకెళ్లిన జెడై ఉన్నాడే, రెండు చేతుల్లో రెండు లైట్‌సేబర్లతో? చిన్ని సోఫా మీదెక్కి గెంతిందని నువ్వు వీడియో పంపావు. ఆ జెడై అహ్మద్ బెస్టే. చిన్నికి ఇప్పుడే చెప్పకు. అడిగిన రోజు చెబుదువుగాని.

ఈ ఏడు ఆవకాయ పెట్టగానే, మే మొదటి వారంలో మన పక్కవీధి వాళ్లబ్బాయి డల్లాస్ వస్తున్నాడు, అతనితో పంపిస్తాను. రెండు కిలోలు ఆవకాయ, కిలో మాగాయ, నీకు కందిపొడి. నూనె కారకుండా మూడు కవర్లు చుట్టమని మీ అత్తయ్యతో చెప్పాను. ఆ డబ్బాలకి దూరంగా, పాత తువ్వాల్లో చుట్టి జార్‌జార్ బొమ్మ ఉంటుంది. ఇరవై ఏడేళ్లు నా బీరువాలోనే ఉంది. ఎడమ చెవి ఊడితే ఫెవిక్విక్ పెట్టి అంటించాను, గట్టిగా లాగొద్దని చిన్నికి చెప్పు.

మీ
మామయ్య