లిథియం వాడే తమ్ముడికి ఎండాకాలంలో ఉప్పు మానిపించొచ్చా?

మీ తమ్ముడికి బైపోలార్ (మనసు కొన్నాళ్ళు మరీ హుషారుగా, కొన్నాళ్ళు మరీ దిగాలుగా మారిపోయే జబ్బు), భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా, దానికి లిథియం మాత్రలు మొదలెట్టి రెండు నెలలు, బీపీ రాకుండా ఉప్పు మానిపించొచ్చా అనడిగారు. ఉన్నట్టుండి మానిపించొద్దండి. ఒంట్లో ఉప్పు, నీళ్ళు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టేసుకుంటాయి, రక్తంలో లెవెల్ పెరిగిపోద్ది, అసలే మన డెల్టా ఉక్కపోతకి చెమట కారిపోతా ఉంటది కాబట్టి మంచినీళ్ళు, మజ్జిగ తాగుతుండాలి, ఉప్పు రోజూ ఒకేలా తినాలి, ఒకరోజు అన్నమంతా ఆవకాయతో, మర్నాడు చప్పిడి అంటే కుదరదు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, తూలడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి డాక్టర్ని అడక్కుండా కొనొద్దు, అవీ లెవెల్ పెంచేస్తాయి. లిథియం లెవెల్ చూసే రక్తపరీక్ష ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకి ఇవ్వాలి, కిడ్నీ, థైరాయిడ్ కూడా 6 నెలలకోసారి చూపించాలి.

నాకు అన్నిటికన్నా భయం ఆ రాత్రి కాపలా అండి. వరసగా నాలుగు రాత్రులు నిద్ర లేకపోతే మేనియా, అంటే ఆ మితిమీరిన హుషారు, తిరగబెట్టడానికి అదే చాలు, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల దగ్గర డ్యూటీ ఎలాగైనా పగటికి మార్పించండి. బాగానే ఉన్నాను కదా అని మాత్రలు ఆపేస్తానంటే ఒప్పుకోకండి, సడన్‌గా ఆపితే జబ్బు మళ్ళీ వచ్చేస్తది. అర్ధరాత్రి మనసులో, ప్రవర్తనలో తేడా అనిపిస్తే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.