రసీదు పుస్తకం ముందు చూసుకో

బుజ్జమ్మా,

విశాఖలో జీతం వదిలేసి టెక్కలిలో పిల్లలకు రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ కేంద్రం పెడుతున్నావని మీ నాన్న ఫోనులో వాపోయాడు. వాడి ముందు అవునవునన్నాను గానీ, ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేసినవాణ్ని, లోలోపల పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గది కింది అంతస్తులోనే తీసుకో. మెళియాపుట్టి, మందస నుంచి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రాల టీచర్లతో స్నేహంగా ఉండు.

నా బెంగంతా రసీదుల మీదే. శ్రీకాకుళంలో నాతో ఒకాయన పనిచేసేవాడు. చేతిలో గొప్ప నేర్పు, కాగితమంటే చులకన. సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ పట్టు తప్పే జబ్బు, ఉన్న ఒక పిల్లవాడికి నెలల తరబడి వ్యాయామాలు చేయించాడు. దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో థెరపీ ఖర్చు వెనక్కి వస్తుందని ఎవరో చెబితే, ఆ తల్లి కమ్మలు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. ఈయన ఇచ్చినవి తెల్ల చీటీలు. వాటి మీద అంకె, సంతకం తప్ప పిల్లవాడి పేరు లేదు, ఏ చికిత్సో లేదు, జతగా డాక్టరు రాసిన చీటీ లేదు. బిల్లులన్నీ తిరిగొచ్చాయి. ఆమె అడగడానికి వస్తే, ‘నా పని చూసి మాట్లాడమ్మా’ అన్నాడు మహానుభావుడు! ఆమె మళ్లీ రాలేదు. అప్పుడప్పుడే నేలకు ఆనుతున్న ఆ పిల్లవాడి మడమలు ఏడాది తిరిగేసరికి బిగుసుకుపోయాయి.

నీకూ కాగితాలంటే అదే నిర్లక్ష్యం. హాల్ టికెట్ ఇంట్లో మరచిపోతే స్కూటరు మీద తెచ్చి ఇచ్చింది ఎవరనుకున్నావు? స్పీచ్ థెరపీవాళ్లకు 1992లోనే పునరావాస మండలి చట్టం వచ్చింది. మన రెండు వృత్తులను కేంద్రం చట్టంలోకి ఎక్కించింది 2021లో. అంతదాకా మనం అడ్రసు లేని ఉత్తరాలం. అందుకే నీ నమోదు సంగతి ముందు తేల్చుకో. ప్రతి రసీదు మీద నీ అర్హత, తేదీ, చికిత్స పేరు ఉండాలి. నిరామయ వర్తించేది ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. వినికిడి లోపం ఒక్కటే ఉన్న బిడ్డ తల్లికి ఆశ పెట్టకు.

ఇంకో మాట. 2024 నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు. ఒకటో తేదీన అందగానే అందులోంచే నీ ఫీజు తీసిస్తారు. అది చికిత్స కోసం విడిగా ఇచ్చిన డబ్బు కాదమ్మా, బియ్యం, బస్సు చార్జీ, మందులు అన్నీ అందులోనే. మూడు చక్రాల బండి ఇవ్వడానికి పథకం ఉంది గానీ, దానిలో నిటారుగా కూర్చోవడం నేర్పే మనిషి కూలికి పద్దు వెతుక్కోవాలి. ఈ కోపం నాకు ఈ జన్మకు తగ్గదు. దాన్ని ఆ తల్లుల మీద మాత్రం చూపించకు.

రసీదు పుస్తకం అచ్చుకిచ్చేముందు నమూనా నాకు పంపు. గది అడ్వాన్సుకు తక్కువైతే మీ నాన్నను అడగకు, నన్నడుగు.

మీ పెదనాన్న