విపశ్యనకు పంపితే మా అన్నయ్య తాగుడు మానేస్తాడా?

ప్రశ్న: మా అన్నయ్యకు నలభై దాటాయి. పదేళ్లుగా రోజూ తాగుతున్నాడు. ఈ మధ్య పొద్దున లేవగానే కూడా మొదలుపెడుతున్నాడు. దేవుణ్ణి నమ్మడు, అంబేడ్కర్ రచనలు చదువుతాడు, బుద్ధుడంటే గౌరవం. పది రోజుల విపశ్యన ధ్యాన కోర్సుకు పంపమని ఒకరు, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులకు పంపమని ఇంకొకరు చెబుతున్నారు. ఏఏలో దేవుడి గోల ఎక్కువని అన్నయ్య కొట్టిపారేస్తున్నాడు. ఎక్కడికి పంపమంటారు?

జవాబు:

చెల్లెమ్మా, నేను ఈ రెండు చోట్లకీ వెళ్లినవాణ్ణే. ఇప్పటికీ వెళ్తున్నాను. మందు ముట్టి ఏళ్లవుతోంది. రెండూ మంచివే, కానీ మీ అన్నయ్యను ఇవాళే ఏ ఒక్కదానికీ పంపొద్దు. మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది ఆ ‘పొద్దున లేవగానే’ అన్న మాట.

పొద్దున పూట తాగేవాడు మజా కోసం తాగడు, చేతుల వణుకు ఆగాలని తాగుతాడు. అంతదాకా వచ్చినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు తిరగబడుతుంది. మొదటి రోజే చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత, సుమారు నాలుగో రోజు లోపల, కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో పిలుస్తున్నట్టు అనిపిస్తుంది. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మా ఏఏ గ్రూపులో ఒకాయనకు అయ్యప్ప మాల వేసుకున్న రెండో రోజే ఫిట్స్ వచ్చాయి. పక్కన నలుగురు స్వాములు ఉన్నారు కాబట్టి బతికాడు.

ఇక విపశ్యన కోర్సు సంగతి. ఫోను తీసుకుంటారు, తోటివాళ్లతో మాట్లాడనివ్వరు, పొద్దున నాలుగింటికి లేవాలి, రోజుకు పది గంటల దాకా కూర్చోవాలి. అది ధ్యానం నేర్పే చోటు, ఆసుపత్రి కాదు. మందు దిగని మనిషిని అక్కడ దింపి రావడం అటు ఆయనకూ, ఇటు వాళ్లకూ అన్యాయమే.

అందుకని ముందు సైకియాట్రిస్టు. మీ దగ్గర్లో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంటే అక్కడ మానసిక వైద్య విభాగం ఉంటుంది. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజెపాక్సైడ్ గానీ లోరాజెపామ్ గానీ ఇచ్చి, మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. థయమిన్, అంటే బీ1 విటమిన్, ఇంజెక్షన్లు వేస్తారు. మొత్తం వారం, పది రోజుల పని. ఎవరిని కలవాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, మత్తు అలవాట్ల కోసమే పెట్టిన జాతీయ నంబరు. మానసికంగా మరీ కుంగిపోతే టెలీమానస్ 14416 ఉంది. మీది తెలంగాణ అయితే ఇంకొక్క మాట: అన్నయ్య కల్లు కాంపౌండుకు కూడా వెళ్తాడేమో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతుంటారు. దాన్ని ఉన్నపళంగా ఆపినా ఫిట్స్ వస్తాయి.

తెలియకుండా కూరలో కలిపే మాత్ర గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చాలాసార్లు అది డైసల్ఫిరామ్. అది కడుపులో ఉండగా తాగితే బీపీ పడిపోతుంది, గుండె దడదడలాడుతుంది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. తనకు తెలిసి, డాక్టరు చెబితే వేసుకోవాల్సిన మాత్ర అది. చాటుగా కలపడం మాత్రం చేయకండి.

ఇప్పుడు మీరు అడిగినదానికి వస్తాను. నేను రెండు మూడేళ్లు వరసగా మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. ఎలా సాధ్యమైందో అప్పట్లో నాకే అర్థం కాలేదు, స్వామి మహిమ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో చాలా ఉంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, రాత్రి భజన. నన్ను చూసి ‘ఏరా’ అనే స్నేహితుడు కూడా ‘స్వామీ’ అంటాడు. గ్లాసు పట్టుకుని ఎదురొచ్చేవాడు ఒక్కడుండడు. మొత్తం ఊరే నాకు కాపలా. మాల తీసిన సాయంత్రం ఆ కాపలా పోయింది. ఊరు మళ్లీ నన్ను ‘ఏరా’ అంది, నేను వైన్స్ ముందు నిలబడ్డాను. మీ అన్నయ్యకు దేవుడి మీద నమ్మకం లేదు కాబట్టి మాల ప్రసక్తి లేదు. కానీ పది రోజుల కోర్సుకు పంపినా ఇదే చిక్కు. పదకొండో రోజు పొద్దున గేటు బయటికి వచ్చాక ఎవరున్నారు?

అలాగని ఆ కోర్సును తీసిపారేయను. వనస్థలిపురం దగ్గర నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలో నేను మొదటిసారి కూర్చున్నాను. డబ్బు అడగరు, కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానాలతోనే నడుస్తుంది. మొదటి మూడు రోజులు ఆనాపానం, అంటే వచ్చే పోయే ఊపిరిని గమనించడమే. నాలుగో రోజు నుంచి తల మొదలు పాదాల దాకా ఒంట్లో ఏం జరుగుతోందో చూస్తూ వెళ్తారు. గంటసేపు కదలకుండా కూర్చునే పూటలుంటాయి. మోకాలు మండిపోతుంది. లేవాలనిపిస్తుంది. లేవరు. కాసేపటికి ఆ మంట తనంతట తానే తగ్గుతుంది. నాకు పనికొచ్చిన పాఠం ఇదొక్కటే, మిగతా ప్రవచనాలు చాలామటుకు మర్చిపోయాను.

బుద్ధుడు చెప్పిన గొలుసు మీ అన్నయ్య చదివే ఉంటాడు: స్పర్శ నుంచి అనుభూతి, అనుభూతి నుంచి తృష్ణ, తృష్ణ నుంచి పట్టు. నా విషయంలో అది ఇలా ఉండేది. సాయంత్రం ఏడింటికి షాపు షట్టరు దించుతాను. ఎదురుగా వైన్స్ బోర్డు లైటు. నోట్లో నీళ్లూరతాయి, దవడల కింద వేడి, ఛాతీ బిగుసుకుంటుంది. అంతకుముందు ఆ బిగువు, రోడ్డు దాటడం రెండూ ఒకే క్షణంలో జరిగిపోయేవి. ధ్యానం అలవాటయ్యాక వాటి మధ్య కాస్త జాగా కనిపించింది. షట్టరు ముందే స్టూలేసుకుని కూర్చుని ఆ బిగువునే చూస్తుండేవాణ్ణి. పెరిగేది, ఇక తట్టుకోలేననిపించేది, తర్వాత తగ్గేది. నాకు సుమారు ఇరవై నిమిషాలు పట్టేది. అమెరికాలో అలాన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త దీన్నే చికిత్సగా మలిచి, కోరిక అలలా లేస్తుంది, దాని మీద తేలుతూ ఉండు, అదే విరుగుతుంది అని నేర్పాడు. ఆయన బృందమే సియాటిల్ దగ్గరి ఒక జైల్లో విపశ్యన కోర్సు చేసిన ఖైదీల మీద కూడా అధ్యయనం చేసింది. ఆ పద్ధతి మీద 286 మందితో చేసిన పరీక్ష 2014లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే ధ్యానం నేర్చినవాళ్లు మత్తు వాడిన రోజులు తక్కువ. అయితే వాళ్లంతా తొలి వైద్యం ముగించుకుని వచ్చినవాళ్లు. ఆ ధ్యానం కూడా ఎనిమిది వారాలు గుంపుగా కూర్చుని, మాట్లాడుకుంటూ నేర్చుకున్నారు. ఒంటరిగా గదిలో కాదు.

ఇక్కడే నాకు విపశ్యనలో లోటు కనిపించింది. కోర్సు అయ్యాక వారం వారం సామూహిక సాధన ఉంటుంది. వెళ్తాం, గంటసేపు కళ్లు మూసుకుని కూర్చుంటాం, చెప్పులేసుకుని వచ్చేస్తాం. నిన్న రాత్రి నాకు కాళ్లు వైన్స్ వైపు లాగాయని ఎవరితో చెప్పను? పక్కన కూర్చున్న రిటైర్డ్ లెక్చరర్ గారికి ఆ బాధే తెలియదు.

అది తెలిసినవాళ్లు ఏఏలో ఉన్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. 1935లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ అమెరికాలోని అక్రన్ ఊరికి వ్యాపారం పని మీద వెళ్లాడు. తాగుడు మానేసి కొన్ని నెలలే. వ్యాపారం బెడిసింది. హోటల్లో ఒక పక్క బారు, ఇంకో పక్క టెలిఫోను. ఆయన ఫోను పట్టుకుని చర్చీలకు చేసి, ఈ ఊళ్లో నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే కలపండి అని అడిగాడు. అవతలివాణ్ణి ఉద్ధరించాలని కాదు, తను తాగకుండా ఉండాలని. అలా దొరికిన మనిషే డాక్టర్ బాబ్ స్మిత్. నేటికీ మీటింగులో జరిగేది అదే. ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అంటాం, ఈ వారం ఏం జరిగిందో చెబుతాం. ఎవరూ సలహా ఇవ్వరు, మధ్యలో అడ్డుపడరు. ఈ ఒక్క రోజుకు తాగను, అంతే ఒప్పందం. నడిరాత్రి ఫోన్ చేస్తే ఎత్తడానికి స్పాన్సర్, అంటే మనకంటే ముందే మానేసిన సభ్యుడు, ఉంటాడు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. ఇది ఊరికే నమ్మకం కూడా కాదు. 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పూర్తిగా మానేసి అలాగే కొనసాగడంలో ఏఏ దారి మిగతా చికిత్సలకు ఏమీ తీసిపోలేదు, కొన్నిచోట్ల మెరుగే.

దేవుడి గోల ఉంది, నిజమే. ఏఏ నడిపించే పన్నెండు మెట్లలో దేవుడి పేరు చాలాసార్లు వస్తుంది, చివర్లో ప్రార్థన ఉంటుంది. కానీ చేరడానికి కావలసింది మానాలన్న కోరిక ఒక్కటే, నమ్మకం కాదు. మా గ్రూపులో ఒక కమ్యూనిస్టు పెద్దాయన ఉన్నాడు. ప్రార్థన దగ్గర నోరు మూసుకుని నిలబడతాడు. తనకంటే పెద్ద శక్తి ఏదంటే, ఈ గదిలో కూర్చున్న మీరే అంటాడు. పదకొండో మెట్టులో ధ్యానం ఉండనే ఉంది. నేను పొద్దున విపశ్యన చేస్తాను, సాయంత్రం మీటింగుకు వెళ్తాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అయినా అన్నయ్య ససేమిరా అంటే రికవరీ ధర్మ అని ఒకటుంది, ఫోనులోనే చేరవచ్చు. అంతకుముందు రెఫ్యూజ్ రికవరీ అని, ఒక బౌద్ధ గురువు మొదలుపెట్టింది ఉండేది. 2018లో ఆ గురువు ప్రవర్తన మీద ఆరోపణలు వచ్చాక చాలామంది బయటికొచ్చి 2019లో దీన్ని పెట్టుకున్నారు. ఈసారి గురువే లేడు, సభ్యులే నడుపుతారు. నాకు అది నచ్చింది. కొంత చదువుతారు, కలిసి ధ్యానం చేస్తారు, తర్వాత ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటారు. దేవుడి ప్రసక్తి ఉండదు. నాలుగు ఆర్యసత్యాలు, అష్టాంగ మార్గం ఆధారం. ఇబ్బందల్లా ఎక్కువ మీటింగులు ఇంగ్లిషులో ఉంటాయి, అమెరికా టైములో ఉంటాయి. ఇంగ్లిషు తంటా లేకపోతే చూడమనండి. నా మట్టుకు తెలుగులో ఏడవగలిగినంత బాగా ఇంగ్లిషులో ఏడవలేను.

అన్నయ్యతో వాదించాల్సి వస్తే ఆయన నమ్మే చోటి నుంచే మొదలుపెట్టండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ ఇప్పించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. అది ఎత్తిచూపి సిగ్గుపడేలా మాత్రం చేయకండి. సిగ్గుతో మేం ఇంకో క్వార్టర్ ఎక్కువ తాగుతాం. దానికంటే ఇది చెప్పండి: మంచి స్నేహం ఈ మార్గంలో సగం అని శిష్యుడు ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దాడు. బుద్ధుడి ప్రసంగాల సంపుటి సంయుత్త నికాయంలో ఉంది, కావాలంటే ఆయన్నే వెతుక్కోమనండి. ప్రతిజ్ఞ తీసుకున్న లక్షల మంది కూడా ఆ రోజు పక్కపక్కనే నిలబడి తీసుకున్నారు కదా.

మీ విషయానికొస్తే, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్‌అనాన్ అని వేరే మీటింగులున్నాయి. 1951లో బిల్ భార్య లోయిస్ ఇంకొకావిడతో కలిసి మొదలుపెట్టింది. మా ఆవిడ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాక సీసాలు వెతకడం, పారబోయడం మానేసింది. నేను తాగొచ్చిన రోజు షాపుకు వచ్చేవాళ్లకు అబద్ధం చెప్పడం కూడా మానేసింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. నా మీద పని చేసిన మొదటి మందు మాత్రం అదే.

ఏఏలో కొన్ని ఓపెన్ మీటింగులుంటాయి, వాటికి ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగయితే మానాలనుకునేవాళ్లకే. ఓపెన్ మీటింగు ఎప్పుడో కనుక్కుని ముందు మీరే వెళ్లి కూర్చోండి. అన్నయ్యకు చెప్పే వెళ్లండి, చాటుగా వద్దు. డాక్టరు పని ముగిసి, నాలుగు మీటింగులకు ఆయన వెళ్లొచ్చాక, అప్పుడు విపశ్యన ఫారం నింపండి. వాడుతున్న మందుల గురించి, అలవాట్ల గురించి అందులో అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయమనండి. సిగరెట్లు కూడా లోపలికి రానివ్వరు, ఆ సంగతి ముందే చెప్పి పెట్టండి.