పసిబిడ్డను చూసుకుంటూ బొమ్మలు వేయలేకపోతున్నాను.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 32. తైలవర్ణ చిత్రాలు వేస్తాను. మా పాపకు ఏడో నెల, ఇంకా నా పాలు తాగుతోంది. రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తుంది. పాప పడుకున్నాక కాన్వాస్ ముందు కూర్చుంటే చేయి సాగడం లేదు. కూర్చుంటే పాపకు అన్యాయం చేస్తున్నానని, లేచి వచ్చేస్తే నా కళ పోయిందని ఏడుపు వస్తోంది. కుడి బొటనవేలి మొదట్లో నొప్పి కూడా ఉంది. రంగుల వల్ల పాపకు హాని ఉంటుందా?

జవాబు: మీ చేతిలోని విద్య పోయిందనుకోవడానికి మీరు రాసినదానిలో నాకు ఆధారమేమీ కనిపించలేదు. నెలల తరబడి నిద్ర తెగిపోతూ ఉంటే ఏకాగ్రత, చూసినదాన్ని మనసులో నిలుపుకొనే శక్తి, ఒక నిర్ణయానికి వచ్చి దానిపై నిలబడే ఓపిక తగ్గుతాయి. బొమ్మకు ముందుగా కావలసినవి అవే. పడుకున్న గంటలన్నీ కలిపితే సరిపోయినట్లు కనిపించినా, నిద్ర ఏకధాటిగా సాగకపోతే ఈ లోటు తీరదు. అందువల్ల రాత్రి మేలుకొని బొమ్మలు వేయడం ప్రస్తుతానికి మానేయమని గట్టిగా చెబుతున్నాను.

మీ ఏడుపును మాత్రం అలసటగా కొట్టిపారేయకండి. కాన్పయిన తొలి రెండు వారాల్లో ఊరికే కన్నీళ్లు రావడం చాలామందిలో కనిపించి, దానంతటదే తగ్గిపోతుంది. ఏడో నెలలో వస్తున్న ఏడుపును ఆ కోవలో వేయలేం. ప్రసవానంతర డిప్రెషన్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలుకావచ్చు, ఎంతో ఇష్టమైన పని కూడా రుచించకపోవడం దాని ముఖ్య లక్షణాల్లో ఒకటి. 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలతో వైద్యులు దీన్ని తొలిదశలోనే పసిగట్టగలరు. అవసరమైతే పాలిచ్చే తల్లులు వాడదగిన మందులూ ఉన్నాయి. రక్తహీనత, కాన్పు తర్వాత ఏడాదిలోపు కొందరిలో వచ్చే థైరాయిడ్ వాపు కూడా ఇలాంటి నీరసాన్నే, నిరాశనే కలిగిస్తాయి కాబట్టి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు తెలిపేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించుకోండి.

ఆరు నెలలు నిండాయి కాబట్టి పాపకు ఘనాహారం మొదలుపెట్టే ఉంటారు. పిండిన తల్లిపాలు 25 డిగ్రీలు మించని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిల్వ ఉంటాయి. రాత్రి ఒక విడత పాలు పట్టే పనిని పాప తండ్రికో, ఇంట్లో మరొకరికో అప్పగించి, మీరు నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్రపోండి. అది కుదిరాకే, పగటిపూట పాపను వేరొకరు చూసుకునే సమయంలో ఒక గంట బొమ్మకు కేటాయించండి. ఏడిస్తే పలికే, ఆకలిని గుర్తించే మనిషి దగ్గర ఆ గంట గడిపినందువల్ల బిడ్డకు తల్లితో ఉన్న అనుబంధం తగ్గదు. మొదట్లో పెన్సిల్, చిన్న స్కెచ్ పుస్తకం చాలు. ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మోరిసో 1878లో కూతురు పుట్టాక తాను భాగమైన ఇంప్రెషనిస్టు చిత్రకారుల బృందం 1879లో పెట్టిన ప్రదర్శనలో పాల్గొనలేదు, 1880లో మళ్లీ తన చిత్రాలు ప్రదర్శించారు, తర్వాతి ఏళ్లలో ఆ కూతురినే ఎన్నోసార్లు చిత్రించారు. విరామం వచ్చినంత మాత్రాన కళ ఆగిపోయినట్లు కాదు.

ఇక రంగుల సంగతి. సీసం కలిసిన తెలుపు, కాడ్మియం, కోబాల్ట్ రంగులు, టర్పెంటైన్ ఆవిరి విషయంలో జాగ్రత్త అవసరం. ఈ వయసు పిల్లలు పాకుతూ దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, మీ చేతులకూ బట్టలకూ అంటిన రంగు వారి నోటికి చేరడమే పెద్ద ప్రమాదం. లేబుల్ చదివి సీసం ఉన్నవాటిని పూర్తిగా పక్కన పెట్టండి. గాలి బాగా వచ్చే వేరే గదిలో పని చేయండి, కుంచెను నోట్లో పెట్టుకోకండి, ఎండిన రంగును గీకి దుమ్ము లేపకండి, పాపను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కొని బట్టలు మార్చుకోండి.

బొటనవేలి నొప్పి బిడ్డను పదే పదే ఎత్తుకునే తల్లులకు తరచుగా వచ్చే స్నాయువు సమస్య కావచ్చు. చంకల కింద బొటనవేళ్లు చాపి ఎత్తకుండా, అరచేతులు కింద నుంచి ఆనించి ఎత్తండి. బొటనవేలు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్‌ను కొన్ని వారాలు వాడినా తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించండి.

మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనో, పాపకు హాని చేయాలనో ఆలోచన వస్తే మాత్రం పరీక్షల ఫలితాల కోసం ఆగకండి. ఇంట్లో ఒకరికి వెంటనే చెప్పి, వారిని తోడు తీసుకొని ఆ క్షణమే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.