31వ పేజీ

హన్మకొండ

బిడ్డా,

నీ సినిమా స్క్రిప్టు రెండుసార్లు చదివాను. రెండోసారి సగంలో కరెంటు పోతే ఫోన్ లైటు పెట్టుకుని ముగించాను. "25 వేలకు అడుగుతున్నరు సార్, ఇచ్చేయనా? అసలు దీని విలువెంత?" అని చివర రాశావు. డబ్బు సంగతి తర్వాత. ముందు 31వ పేజీ తియ్యి.

ఎనుమాముల మార్కెట్ సీను. తండ్రి రాత్రంతా మిర్చి బస్తాల మీదే పడుకుంటాడు. తెల్లారి జెండా పాటలో, అంటే ఆ రోజు మొదటి వేలంలో, ధర బాగానే పలుకుతుంది. తన కుప్ప దగ్గరికొచ్చేసరికి తేమ ఉందంటారు, తాలు (రంగు పోయిన కాయ) కలిసిందంటారు, ధర దిగిపోతుంది. ఆయన ఒక్క మాట అనడు. తుమ్మి, తువ్వాలతో కళ్లు తుడుచుకుంటాడు. ఘాటుకా, ఏడుపుకా అన్నది నువ్వు చెప్పలేదు. ఇన్నేళ్లుగా రాస్తున్నా, అట్లాంటి సీన్లు నాకు రెండో మూడో పడ్డాయి.

మిగతా స్క్రిప్టంతా అదే మనిషి టీవీ సీరియల్ నాన్నలా మాట్లాడతాడు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకునే చోట ఉండి, పరకాల రైతుతో "ఏమిటమ్మా ఈ అన్యాయం" అనిపిస్తావా! కొడుకు బెంగళూరు ఎందుకు పోయాడో నీకే తెలియదు. క్లైమాక్సు గురించి మాట్లాడను. పేజీకి నిమిషం లెక్కన 150 పేజీలంటే రెండున్నర గంటల సినిమా. అందులో నువ్వు కనిపించింది ఆ మార్కెట్ సీను నాలుగు పేజీల్లోనే, అంటే నాలుగు నిమిషాలు. నాకైతే అదే సరుకు.

ఇక బేరం. నా మొదటి కథను హైదరాబాద్‌లో ఒకాయనకు చాయ్ తాగుతూ ఇచ్చేశాను. 500 రూపాయలు చేతిలో పెట్టి కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. అందులో ఏముందో చదవలేదు. సినిమా రాలేదు. కథ నాదో ఆయనదో తెలియక పదేళ్లు దాన్ని ముట్టుకోలేదు. ఆ భయం సగం నా తెలివితక్కువతనమే.

కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం నువ్వు రాసింది రాసినప్పటి నుంచే నీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గొడవైతే సాక్ష్యంగా పనికొస్తుంది. ఐడియాకు మాత్రం రక్షణ లేదు, రాతకే ఉంది. అందుకే నోటితో కథ చెప్పి రాకు, రాసింది ముందు మెయిల్లో పంపు. హక్కులు ఇచ్చేది కాగితం మీదే ఉండాలి: ఏ హక్కు, ఎన్నేళ్లకు, ఎంతకు. గడువు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా లెక్కేస్తుంది. "శాశ్వతంగా" అన్న మాట కనిపిస్తే పెన్ను జేబులో పెట్టుకో.

ఇంట్లో అవసరముంటే అమ్ముకో, తప్పు పట్టను. అప్పు తీర్చిన కథకేం తక్కువ? అవసరం లేకపోతే మాత్రం ఆ నాలుగు పేజీలు తీసి పక్కన పెట్టు, 20 నిమిషాల చిన్న సినిమాగా రాయి. మిగిలిన 146 పేజీలు వాళ్లకే ఇవ్వు, అప్పుడూ అడిగితే.

ఒకటి అడగాలి. మిర్చి అమ్మాక ఆ తండ్రి ఇంటికెట్లా పోయాడు? బస్సులోనా, ట్రాలీ ఆటోలోనా? ఖాళీ సంచులు మడిచి తెచ్చుకున్నాడా? నువ్వేమో అక్కడ కట్ చేసి బెంగళూరు చూపించావు. నాకు ఆ దారి కావాలి. వచ్చే ఆదివారంలోగా రాసి పంపు.