లెఫ్సే చెయ్యబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మడికి,

ఈ క్రిస్మస్‌కి లెఫ్సే, అదే ఈ నార్వే వాళ్ల పల్చటి మెత్తని రొట్టె, నిన్నే చెయ్యమన్నారు మీ అత్తగారు అని ఫోన్‌లో ఎంత టెన్షన్ పడ్డావే! బొబ్బట్లు వత్తిన చేతికి ఇదో లెక్క కాదు. కానీ ముందు ఆవిడది ఏ ప్రాంతమో కనుక్కో. నార్వేలో లోయకో రకం లెఫ్సే. బంగాళాదుంప ఈ దేశంలోకి వచ్చిందే 1700ల్లో, అంతకుముందు ఉత్త పిండితోనే చేసేవారు. హార్డాంగర్ ప్రాంతం వాళ్లది ఇప్పటికీ ఎండబెట్టి దాచుకునే రకం, తినేముందు నీళ్లతో తడిపి మెత్తబరుస్తారు. ఆవిడ అడిగింది దుంప లెఫ్సే అనుకునే రాస్తున్నాను.

కిలో దుంపలు తీసుకో. ఉడికితే పొడిపొడిగా విడిపోయే రకం కావాలి, మాండెల్‌పోటెట్ అనే రకం దొరికితే మరీ మంచిది. తొక్కతోనే ఉడికించు, ముక్కలు కోస్తే నీళ్లు తాగేస్తాయి. చేతులు కాలుతున్నా వేడి మీదే తొక్క తీసి, మన జంతికల గొట్టం లాంటి ప్రెస్‌లో ఒత్తు. మిక్సీ జోలికి వెళ్లకు, బంకలా సాగుతుంది. 50 గ్రాముల వెన్న, చెంచాడు ఉప్పు కలిపి, ఆవిరంతా పోయేలా వెడల్పాటి పళ్లెంలో పరిచి వదిలెయ్. నేనైతే రాత్రి ఉడికించి పొద్దున్న వత్తుతాను.

మొదటిసారి నాకు అంత ఓపిక లేకపోయింది. దుంప వెచ్చగా ఉండగానే మైదా పోశాను. చేతికి అంటుకుంటోందని ఇంకో గుప్పెడు, మళ్లీ ఇంకో గుప్పెడు. చివరికి తేలింది చపాతీ, అదీ నిన్నటి చపాతీ. పక్కింటి ముసలావిడ మర్యాదకి ఒకటి తిని, రెండోది రుమాల్లో చుట్టుకుని వెళ్లింది. చల్లారిన దుంపకి 250 గ్రాముల మైదా చాలు. అదీ వత్తేముందే కలుపు, కలిపి ఉంచితే జావైపోతుంది. కలిసిందనిపించగానే చెయ్యి తీసెయ్, పిసక్కు.

కమలాపండంత ఉండ తీసుకుని, పిండి చల్లి, బల్ల మీది చారలు లీలగా కనబడేంత పల్చగా వత్తు. పొడుగు చెక్క బద్దని దాని కింద మధ్యకి దూర్చి ఎత్తి, పెనం మీద ఒక అంచు ఆనించి, బద్దని దొర్లిస్తూ పరుచు. మొదటి నాలుగూ మడతలు పడతాయి, వాటిని మీ ఆయనకి పెట్టెయ్. నూనె చుక్క కూడా వద్దు. గోధుమరంగు మచ్చలు రాగానే తిప్పు. తీసినవి తీసినట్టు తువ్వాల్లో పేర్చి కప్పు, ఆ ఆవిరికే మెత్తబడతాయి.

యాలకులు వెయ్యాలని నీకు చెయ్యి లాగుతుంది. వద్దు. వాటిని బొల్లెర్‌కి దాచుకో, ఆ బన్నుల్లో వీళ్లు మనలాగే ధారాళంగా వేస్తారు. లెఫ్సేకి వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి చాలు.

గీతలు చెక్కిన నా అప్పడాల కర్ర పార్సిల్లో పంపుతున్నాను. నీళ్లలో నానబెట్టకు, గీతల్లో ఎండిన పిండిని బ్రష్‌తో దులుపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ, బెర్గెన్