స్ప్రింగ్ 5 సెం.మీ. సాగుతుందా, 10 సెం.మీ. సాగుతుందా?

స్థిరాంకం మీటరుకు 100 న్యూటన్లు ఉన్న స్ప్రింగ్‌కి అరకిలో బరువు తగిలించి వదిలితే, బలాలు సమానం చేసినప్పుడు 5 సెం.మీ., శక్తి సమానం చేసినప్పుడు 10 సెం.మీ. వస్తోందని, ఏది తప్పని అడిగారు. టెన్షన్ పడకండి, రెండూ సరైనవే. అవి చెప్పేది రెండు వేర్వేరు చోట్ల గురించి.

గురుత్వ త్వరణం 10 అనుకుందాం. 5 సెం.మీ. దగ్గర కిందికి 5 న్యూటన్లు, పైకి 5 న్యూటన్లు. బలాలు సరిపోయాయి, కానీ బరువు అక్కడ ఆగదు. అంత దూరం దిగేసరికి 5 × 0.05 = 0.25 జౌళ్ల గురుత్వ స్థితిజ శక్తి తగ్గింది. స్ప్రింగ్‌లో చేరింది మాత్రం ½ × 100 × 0.05 × 0.05 = 0.125 జౌళ్లే. స్ప్రింగ్ బలం సున్నా నుంచి మెల్లగా పెరుగుతూ వచ్చింది కాబట్టే ఆ సగం. మిగతా 0.125 గతిజ శక్తిగా ఉంది. అంటే సరిగ్గా అక్కడే బరువు అన్నిటికంటే వేగంగా, సెకనుకు దాదాపు 0.7 మీటర్లతో దిగుతోంది!

ఆ ఊపుతో 10 సెం.మీ. దాకా వెళ్లి ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ తగ్గింది 0.5, స్ప్రింగ్‌లో ఉన్నది 0.5. కానీ పైకి లాగే బలం 10 న్యూటన్లు, అందుకే మళ్లీ పైకి లేస్తుంది.

చేత్తో పట్టుకుని నెమ్మదిగా దించితే 5 దగ్గరే నిలుస్తుంది, ఆ 0.125 జౌళ్లను మీ చెయ్యి తీసేసుకుంటుంది. పరీక్షలో ‘గరిష్ఠ సాగుదల’ అంటే 10 రాయండి, ‘నిశ్చలంగా వేలాడుతోంది’ అంటే 5.